సాయంత్రం 5.55కు ఎగరని బెలూన్

డిసెంబరు 16, ఉదయం 10.40. మేజిస్ట్రేట్ గారి గది. నేను చెబుతుండగా గుమస్తా గారు రాస్తున్నారు.

నా వయసు నలభై తొమ్మిది. వాతావరణ కేంద్రంలో సీనియర్ పరిశీలకురాలిని. ఇరవై ఆరేళ్ల సర్వీసు. కేంద్రం వెనకాలే ఉన్న క్వార్టర్సులో ఒక్కదాన్నే ఉంటాను. పెళ్లి కాలేదు. దానికీ ఈ కేసుకూ సంబంధం లేదు, గుమస్తా గారు అడిగారు కాబట్టి చెప్పాను. నా పేరు, చిరునామా వేరే కాగితం మీద రాసి, కవరులో పెట్టి సీలు వేయించాను. ఎందుకో కింద చెప్పే సంగతులు వింటే తెలుస్తుంది.

ఈ వాంగ్మూలం ఇచ్చి తీరాలని నిర్బంధం లేదనీ, ఇస్తే దీన్ని ఆధారం చేసుకుని నా మీదే కేసు పెట్టవచ్చనీ మేజిస్ట్రేట్ గారు రెండు సార్లు చెప్పారు. రెండు సార్లూ అర్థమైందన్నాను. నన్ను ఎవరూ బలవంతంగా తీసుకురాలేదు. రానివ్వకూడదనుకునేవాళ్లే ఉన్నారు.

ఫ్యాక్టరీ బస్సు బోల్తా పడిన కేసులో ముద్దాయి మా అన్నయ్య. వయసు యాభై ఎనిమిది. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే ఫ్యాక్టరీలో డ్రైవరు. ఇన్నేళ్లలో బస్సుకు ఒక్క గీత పడనివ్వలేదు. మా నాన్న పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు, అన్నయ్యకు పద్దెనిమిది. తన చదువు మానేసి, లారీ ఎక్కి, నన్ను చదివించాడు. నాకు తోడబుట్టినవాడు ఆయనొక్కడే.

ఈరోజు పన్నెండు గంటలకు పక్క కోర్టు గదిలో మా అన్నయ్య తప్పు ఒప్పుకోబోతున్నాడు. అందుకే తొందరగా చెబుతున్నాను. మధ్యలో గోడ గడియారం వైపు చూస్తే మర్యాద లేదనుకోవద్దు.

ముందు మా పని గురించి చెప్పాలి. మేజిస్ట్రేట్ గారు క్లుప్తంగా చెప్పమన్నారు. రోజూ ఉదయం 5.30కి, సాయంత్రం 5.30కి గ్యాసు నింపిన రబ్బరు బెలూన్ ఒకటి ఆకాశంలోకి వదులుతాం. సాయంత్రం పూట చీకట్లో కనిపించడానికి దానికి చిన్న దీపం కడతాం. స్టాండు మీద బిగించిన దుర్భిణిలో దాన్ని చూస్తూ, ఏ దిక్కున ఎంత పైన ఉందో నిమిషానికోసారి రాసుకుంటాం. గాలి ఎటు తోస్తే బెలూన్ అటు పోతుంది. దాన్ని బట్టి పైన గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో లెక్క కడతాం. ఆ అంకెలు రిజిస్టరులోకి ఎక్కి, అక్కడినుంచి విమానాశ్రయానికి పోతాయి. వంద మందిని ఎక్కించుకున్న విమానం ఆ గాలిని నమ్ముకుని కిందికి దిగుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మాకు చెబుతారు, కంటితో చూడని గాలిని కాగితం మీద పెట్టకూడదని.

గత సంవత్సరం సెప్టెంబరు 9 సాయంత్రం 5.41కి నేను దుర్భిణిలో చూస్తుండగా బెలూన్ వెనక నుంచి ఒక వస్తువు దాటిపోయింది. నల్లనిది. మూడు మూలలది. రెక్కలు లేవు, తోక లేదు. రెండు సెకన్లు కనిపించింది. అప్పుడు చప్పుడు లేదు. పదకొండు సెకన్లయ్యాక చప్పుడు వచ్చి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. నాకు దేనికైనా టైము చూసుకునే అలవాటు ఉంది కాబట్టి ఈ అంకెలు చెప్పగలుగుతున్నాను. రిజిస్టరులో రిమార్కుల గడిలో చూసింది చూసినట్టు రాశాను.

మూడో రోజు ఉదయం 9.15కి ఒకాయన తెల్ల జీపులో వచ్చాడు. ఊరికి ఉత్తరాన ఉన్న వైమానిక స్థావరం నుంచి వచ్చానన్నాడు. పేరు చెప్పలేదు. కూర్చునే ముందు ఒకసారి, లేచే ముందు ఒకసారి, మాటకూ మాటకూ మధ్య ఇంకోసారి చేతి గడియారం చూసుకునేవాడు. మేము ఆయనకు గడియారం సారు అని పేరు పెట్టుకున్నాం. ఇక్కడ కూడా అలాగే అంటాను. ఆయన రిజిస్టరులో ఆ పేజీ చింపాడు. మా ఇన్‌ఛార్జి గారి ఎదుటే చింపాడు. ఇన్‌ఛార్జి గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. తర్వాత నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. చూసింది ఎవరికీ చెప్పననీ, చెబితే జైలుకు పోతాననీ అందులో ఉంది.

"అది మనదేనమ్మా. కొత్త విమానం. ఇంకా పరీక్షల్లో ఉంది, బయటికి పొక్కకూడదు," అన్నాడు.

"జనం చూస్తూనే ఉన్నారు కద సార్. ఎగిరే పళ్లాలొచ్చాయని పేపర్లో కూడా వేస్తున్నారు."

"వేసుకోనివ్వండి. పళ్లెం అనుకున్నా మాకు మంచిదే, బెలూన్ అనుకున్నా మంచిదే. విమానం అనుకోకూడదు, అంతే."

అప్పటినుంచి మొదలైంది. ఎవరైనా ఆకాశంలో ఏదో చూశామని పోలీసులకో పేపరువాళ్లకో చెప్పగానే మా ఆఫీసుకు ఫోన్ వచ్చేది. "అమ్మా, 6.20కి తూర్పున ఒక బెలూన్ రాయండి" అని గడియారం సారు గొంతు. నేను రిజిస్టరులో అదనపు బెలూన్ అని ఒక వరుస రాసేదాన్ని. ఆ బెలూన్ మేము వదిలింది కాదు. తర్వాత జనం ఫోన్ చేస్తే మా బెలూనేనని చెప్పేదాన్ని. ఒక పెద్దమనిషి, రిటైరైన లెక్కల మాస్టారట, వేరే గ్రహం వాళ్లకు స్వాగతం చెప్పడానికి టార్చిలైటు పట్టుకుని డాబా మీద నిలబడ్డానన్నాడు. ఒక కుట్టుపని ఆవిడ, అది మనుషుల్ని ఎత్తుకుపోతుందట కదా, మా ఆయన్ని తీసుకెళ్తుందా అని అడిగింది. బెలూన్ మనుషుల్ని తీసుకుపోదమ్మా అంటే పాపం చాలా నిరాశపడింది. ఇలాంటివి చెప్పుకుని ఆఫీసులో నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. పద్నాలుగు నెలల్లో అలాంటి వరుసలు పదకొండు రాశాను.

ఇప్పుడు ఒక సంగతి జాగ్రత్తగా రాసుకోమని గుమస్తా గారిని కోరుతున్నాను. అదనపు బెలూన్ వరుసలో కూడా గాలి గడులు నింపాలి. ఖాళీగా ఉంటే పై ఆఫీసు తిప్పి పంపుతుంది. ఎగరని బెలూన్‌కు గాలి ఎక్కడినుంచి తేవాలి? ఎంత అబద్ధమైనా గాలి అబద్ధం రాయడానికి నా చెయ్యి రాలేదు. ఆ వరుస కూడా మిగతా వాటితో పాటే విమానాశ్రయానికి పోతుంది. ఎవరైనా దాన్ని నమ్మి విమానం దించితే? అందుకని ఆ పూట నిజంగా వదిలిన బెలూన్ చూపిన గాలినే అక్కడ దించేదాన్ని. బెలూన్ లేదు, గాలి మాత్రం నిజం. గడియారం సారు ఏ దిక్కు చెప్పినా చూసిన చోటు అనే గడిలో ఆ దిక్కు రాసి, గాలి గడిలో నిజమైన గాలి రాసేదాన్ని. రెండూ పొసగవు. మా పని తెలిసినవాళ్లు ఎవరు చూసినా పట్టేస్తారు. పద్నాలుగు నెలల్లో ఎవరూ చూడలేదు.

నవంబరు 4. సాయంత్రం 5.30కి మామూలు బెలూన్ వదిలాను. గాలి పడమర నుంచి తూర్పుకు, సెకనుకు ఎనిమిది మీటర్లు. 5.52కి బెలూన్ మబ్బులో కలిసిపోయింది. లోపలికి వచ్చి లెక్కలు కడుతున్నాను. 6.13కి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అలవాటైపోయింది కాబట్టి తలెత్తి చూడలేదు. అదే సమయానికి, మాకు పడమరన పంతొమ్మిది కిలోమీటర్ల దూరంలో, ఫ్యాక్టరీ రోడ్డు మలుపు దగ్గర, మా అన్నయ్య బస్సు గోతిలో పడి ఉంది. నాకు తెలియదు.

6.38కి ఫోన్ మోగింది.

"5.55కి ఒకటి రాయండి. పడమర వైపు."

"ఏమైంది సార్? గొంతు అదోలా ఉంది."

"రాయండమ్మా," అని పెట్టేశాడు.

6.44కల్లా రాసేశాను. పన్నెండో వరుస. చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది, రిజిస్టరు మీ ముందే ఉంది, చూసుకోవచ్చు. టీ పెట్టుకున్నాను. 7.20కి మళ్లీ ఫోన్ మోగింది. ఈయనకు ఇంకేం కావాలో అని విసుక్కుంటూ ఎత్తాను. మా వదిన.

ఆసుపత్రిలో మా అన్నయ్యకు భుజం ఎముక విరిగి కట్టు కట్టి ఉంది. తొమ్మిది మందికి గాయాలు. డ్రైవరు సీటు వెనకే కూర్చున్న ఫిట్టరు ఒకాయన పోయారు. అన్నయ్యకు ఇరవై ఏళ్ల స్నేహితుడు. రోజూ ఆ సీటులోనే కూర్చుని అన్నయ్య డ్రైవింగు మీద జోకులు వేసేవాడు. ఆయన పోయిన సంగతి అప్పటికే ఎవరో చెప్పేశారు.

"మలుపు తిరగ్గానే ఎదురుగా రోడ్డు మీదికి దిగుతున్నట్టు వచ్చిందే. నల్లగా, ఇస్త్రీ పెట్టె అడుగులా ఉంది. బస్సు మీద పడుతుందనుకుని స్టీరింగు పక్కకు తిప్పేశాను. అప్పుడొచ్చింది చప్పుడు. నేను తాగలేదు చెల్లీ. కునుకు తియ్యలేదు. నువ్వన్నా నమ్ము."

"నమ్ముతున్నా అన్నయ్యా," అన్నాను.

నమ్మడం కాదు, నాకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది. గదిలో పోలీసు ఉన్నాడు, నర్సు ఉంది, నా సంతకం ఉన్న కాగితం ఉత్తరాన స్థావరంలో ఉంది. భయం వేసింది. వదిన చేతిలోంచి మంచినీళ్ల గ్లాసు తీసుకుని అన్నయ్యకు పట్టించి ఇంటికి వచ్చేశాను.

నవంబరు 6 ఉదయం 11.05కి గడియారం సారు వచ్చాడు. టైపు చేసిన ఉత్తరం ఒకటి తెచ్చాడు. నవంబరు 4 సాయంత్రం 5.55కి ఈ కేంద్రం నుంచి దీపం కట్టిన బెలూన్ వదిలామనీ, ఫ్యాక్టరీ రోడ్డు మీద కనిపించింది అదేననీ ధ్రువీకరించే ఉత్తరం. పోలీసులకు ఇవ్వడానికి.

"బస్సు నడిపింది మా అన్నయ్య సార్," అన్నాను.

"తెలుసు. అందుకే మీ చేత. సొంత చెల్లెలే రాసిస్తే ఎవరికి అనుమానం వస్తుంది?"

నాకు ఒళ్లు మండింది.

"మీ అన్నగారికి కూడా ఇదే మేలమ్మా. ఆకాశంలోంచి ఏదో మీద పడిందంటే పిచ్చివాడంటారు. బెలూన్ చూసి కంగారుపడ్డాడంటే మామూలు మనిషంటారు. ఏదో కాస్త జరిమానాతో పోతుంది," అన్నాడు. గడియారం చూసుకున్నాడు.

11.20కి సంతకం పెట్టాను. ఆ పదిహేను నిమిషాలు ఏం చేశారని మేజిస్ట్రేట్ గారు అడిగారు. పెన్ను మూత తీసి పెట్టాను, మళ్లీ తీసి పెట్టాను. ఇన్‌ఛార్జి గారు కిటికీ దగ్గర నిలబడ్డారు. నా ఉద్యోగం, నా క్వార్టర్సు, పదకొండేళ్లలో రావలసిన పెన్షను, జైలు, ఇవే తిరిగాయి బుర్రలో. అన్నయ్య ముఖం కూడా కనిపించింది. కనిపించినా పెట్టాను.

జరిమానాతో పోలేదు. నిర్లక్ష్యంగా నడిపి ఒకరి చావుకు కారణమయ్యాడని కేసు పెట్టారు. మెల్లగా తేలిపోయే బెలూన్‌కు బెదిరి, ఇరవై ఇద్దరు ఉన్న బస్సును గోతిలో పడేశాడని అభియోగం. దానికి ఆధారం నేను ఇచ్చిన ఉత్తరం.

ఆ సంతకం పెట్టి ఈరోజుకు నలభై రోజులు. నేను చేసిన పని ఒక్కటే, ఎవరో ఒకరు ఆ గాలి గడి చదువుతారని ఎదురుచూడడం. 5.55కి మా దగ్గర వదిలిన బెలూన్, బస్సు పడిన 6.12కి ఎక్కడ ఉంటుంది? ఆ గాలికి తూర్పున ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మలుపు పడమరన ఉంది. ఇంటర్ చదివే పిల్లలు కూడా చెప్పగలరు. ఎవరో చదివి, ఎవరో పట్టుకుని, నేను నోరు విప్పకుండానే అన్నయ్య బయటపడాలి. నా ఆశ అది. నవంబరు 20న ఇన్‌స్పెక్టరు వచ్చి రిజిస్టరు నకలు తీసుకెళ్లాడు, చదవలేదు. డిసెంబరు 2న అన్నయ్య తరఫు లాయరు వచ్చాడు. నేనే ఆ గడి మీద వేలు పెట్టి చూపించాను.

"ఇది గాలి దిక్కు సార్."

"గాలి సంగతి మనకెందుకు మేడమ్. టైము ఉంది, అది చాలు," అని పేజీ తిప్పేశాడు.

ఇంకొక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. క్వార్టర్సు ఎదురుగా తెల్ల జీపు ఆగి ఉంది ఆ రోజు. అంతకు ముందు రోజు కూడా ఉంది. జీపులోంచి ఎవరూ దిగరు, ఎవరూ ఎక్కరు. నేను తలుపు గడియ వేశానా లేదా అని లేచి చూసుకోవడం, గ్యాసు కట్టేశానా అని లేచి చూసుకోవడం, మళ్లీ గడియ చూసుకోవడం. అన్నం సయించడం మానేసింది.

మా అన్నయ్య పరిస్థితి ఇంకా అన్యాయం. మూడు సార్లు మూడు చోట్ల కళ్ల పరీక్ష చేయించుకున్నాడు. మూడు చోట్లా చూపు బాగుందన్నారు. ఆయనకు నమ్మకం కలగలేదు. మందుల కాగితాల వెనక ఆ మూడు మూలల బొమ్మ గీస్తాడు, చింపేస్తాడు. వదిన చెప్పింది, ప్రతిదానికీ ఆవిడని అడుగుతున్నాడట. గోడ మీద ఉన్నది పిల్లేనా? గేటు దగ్గర నిలబడింది పాలాయనేనా? ఆవిడ అవునంటే గానీ ఊపిరి పీల్చుకోడు. ముప్పై ఒక్క ఏళ్లు చూపును నమ్ముకుని బతికిన మనిషి.

నిన్న, డిసెంబరు 15 సాయంత్రం 4.30కి వాళ్ల ఇంటికి వెళ్లాను. తప్పు ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని లాయరు చెప్పాడట.

"రేపు ఒప్పేసుకుంటానే. బెలూనే అయ్యుంటుంది."

"నువ్వు చూసింది బెలూన్ కాదు అన్నయ్యా."

"మరి మీ రిజిస్టరులో ఉందిగా. మొదట్లో నేనూ వాదించాను. తర్వాత చూస్తే ఆ చేతిరాత నీది. నువ్వు లేనిది రాయవు కదే. చిన్నప్పటినుంచి నీ నోట ఒక్క అబద్ధం విన్నానా? నా కళ్లే మోసం చేశాయి. వాడిని నేనే చంపుకున్నాను."

నా చేతిరాత కాబట్టి తన కళ్లను కాదనుకున్నాడు. వదిన టీ తెచ్చింది. వద్దనలేదు, తాగలేదు. చెప్పడానికి మూడు సార్లు నోరు తెరిచాను. ఆయన కట్టు కట్టిన భుజం నిమురుకుంటూ, "నువ్వు చిక్కిపోయావేమే, నా గురించి బెంగపెట్టుకోకు," అన్నాడు. 5.10కి అక్కడినుంచి లేచి వచ్చేశాను. ఈరోజు ఉదయం 9.50 నుంచి ఈ గది ముందు కూర్చున్నాను.

కాబట్టి చెబుతున్నాను. నవంబరు 4 సాయంత్రం 5.55కి మా కేంద్రం నుంచి ఏ బెలూనూ ఎగరలేదు. మా అన్నయ్య చూసినదాన్నే అంతకు పద్నాలుగు నెలల ముందు నేనూ చూశాను. ఆయన చెప్పిన ఆకారం, చప్పుడు వెనకబడి రావడం, రెండూ నేను చూసినదానితో సరిపోతున్నాయి. దాన్ని ఎవరు నడిపారో, అంత కిందికి ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. దేశానికి అవసరమైన విమానమే కావచ్చు, దాచుకోనివ్వండి. దాన్ని దాచడానికి నా అన్నను పిచ్చివాడిని చేయడం మాత్రం నేను ఒప్పుకోను. ఇప్పటిదాకా ఒప్పుకున్నాను, ఇకమీదట ఒప్పుకోను.

ఇప్పుడు 11.35. అన్నయ్య వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. తనకు తోడుగా వచ్చాననుకుంటున్నాడు. పక్క గదిలో పేరు పిలిచే లోపు ఈ కాగితం అక్కడికి చేరేలా చూడమని మేజిస్ట్రేట్ గారిని వేడుకుంటున్నాను. ఆయన సరేనన్నారు.

నేను చెప్పినదంతా గుమస్తా గారు నాకు చదివి వినిపించారు. నవంబరు 6 నాటి ఉత్తరం దగ్గర ఆయన 'పొరపాటున సంతకం చేశాను' అని రాశారు. నేను ఆ మాట అనలేదు. అలా ఉంటే మీ ఉద్యోగానికి కాస్త ఆసరాగా ఉంటుందమ్మా అని మెల్లగా చెప్పారు. మంచి మనసుతోనే రాశారు, ఆయన మీద ఫిర్యాదు లేదు. కానీ పొరపాటు అని ఉంటే మా అన్నయ్య అదీ నమ్ముతాడు. 'తెలిసే సంతకం చేశాను' అని దిద్దించాను. దిద్దిన చోట పక్కనే పొడి సంతకం చేశాను.

మిగిలినదంతా నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఇందులో నేను చూడనిది ఏదీ రాయించలేదు.

(సంతకం)
ఉదయం 11.46